ఇంటికప్పు మరమ్మతు: మన చేతులతోనా, పనివానిచేతనా?



ఈ పత్రికలో నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసము ఇంటికప్పు మరమ్మతును గూర్చి వ్రాయబూనితిని. వ్యవసాయ ప్రదర్శకునికి ఇండ్లకప్పులతో పనియేమి యని కొందఱు నవ్వవచ్చును. నన్ను ఈ విషయమునకు ఈడ్చుకొని వచ్చినది వేరుసెనగ విత్తనమే యని వారికి మనవి చేయుచున్నాను.

గతయేడు తొలకరికి ముందు ఇద్దఱు అన్నదమ్ములు తమ విత్తనమునకు మొలక పరీక్ష చేయుమని నాయొద్దకు వచ్చిరి. చేను ఒకటే, పంట ఒకటే, కాయలు ఎండబెట్టిన కళ్ళము ఒకటే. ఒక్కొక్కరి విత్తనమునుండి నూఱేసి గింజలు తీసి, తడిపిన గోనెపట్టాలో పేర్చి చుట్టి యుంచితిమి. అన్నగారి గింజలు ఇంచుమించుగా అన్నియు మొలచెను. తమ్ముని గింజలలో సగము కూడ మొలవలేదు. కారణమేమో చూతమని నేను వారి యిండ్లకు పోతిని. అన్నగారి కాయలు తాటాకు పాకలో గాదెయందు ఉండెను. తమ్ముని కాయలు సిమెంటు రేకుల గదిలో, రేకులకు మూడడుగుల దిగువ నున్న అటకపై ఉండెను. నేను పోయినది మధ్యాహ్నవేళ. ఆ అటకపై నిలువు కాయల బస్తాను ముట్టి చూడగా పొయ్యి ప్రక్కనుండి తీసినట్లు వెచ్చగా నుండెను.

విత్తనముల నిలువను గూర్చి హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన మోటు లెక్క యొకటి కలదు. నిలువయుంచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గిన కొలది విత్తనపు ఆయువు రెట్టింపగును. 5 డిగ్రీలు హెచ్చినచో సగమగును. వేరుసెనగవంటి నూనెగింజ ఆ వేడికి మఱింత త్వరగా చచ్చును. ఆ తమ్ముడు విత్తనమును పోగొట్టుకొనుటకు కారణము పురుగు కాదు, తెగులు కాదు, అతని యింటికప్పే. నేను తిరిగి వచ్చుచుండగా అదే గదిలో అతని ముసలితల్లి తడిబట్ట ముఖముపై వేసికొని పండుకొని యుండుట చూచితిని. విత్తనము ఓర్వలేని వేడిని మనుష్యులు ఓర్చుకొనవలసి వచ్చుచున్నది గదా యని నాకు మిక్కిలి వ్యసనము కలిగెను.

ఈ వేడి యెంతటిదో మనము మఱవరాదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశముననే వేయిమందికి పైగా మరణించిరి. తెలంగాణమునను వందలకొలది ప్రాణములు పోయెను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పిన మాట ఉత్తమాట కాదు.

ఎండ గోడలను ఒక్కొక్క పూట ఒక్కొక్క ప్రక్కనే తాకును. కప్పును మాత్రము ఉదయము మొదలు సాయంకాలము వఱకు తాకుచునే యుండును. కావున ఇంటిలోని వేడిని తగ్గింపగోరువాడు మొదట చూడవలసినది కప్పునే. తాటాకు, గడ్డి తమలో గాలిని నిలుపుకొనుటచే వేడిని ఆపును. మట్టిమిద్దె తన మందముచే ఆపును. ఇప్పటి సిమెంటు రేకు మందము 6 మిల్లీమీటర్లు మాత్రమే. అది ఆపునది యేమియు లేదు. కాంక్రీటు కప్పు మందము 4, 5 అంగుళములు. అది పగలంతయు వేడిని త్రాగి రాత్రి మన నెత్తిపై విడుచును. మఱియు ఏ కప్పైనను తడిసి నానినచో వేడిని ఆపు శక్తి తగ్గును. కాబట్టి ఉరుపును ఆపుటయు, ఎండను ఆపుటయు రెండు పనులు కావు, ఒకటే పని.

ఇక అసలు ప్రశ్నకు వత్తును. కప్పు చెడినప్పుడు దానిని మనమే బాగుచేసికొనవలెనా? పనివానిని పిలువవలెనా? నేను చూచినంతవఱకు మన గ్రామములలో ఈ విషయము తలక్రిందుగా జరుగుచున్నది. డాబాపై సున్నము వేయుటవంటి సులభమైన పనికి మనిషి దొరకలేదని ఏండ్ల తరబడి ఊరకుందురు. పగిలిన సిమెంటు రేకును మార్చుటవంటి ప్రమాదమైన పనికి మాత్రము, ఇంతపాటి దానికి కూలి యెందుకని, యజమానియే పంచె ఎగగట్టి కప్పెక్కును. మనము చేయదగిన పనిని చేయకున్నాము. చేయదగని పనికి పూనుకొనుచున్నాము. ఇదియే నా ఫిర్యాదు.

ఏది చేయదగినది, ఏది కాదు అను నిర్ణయమునకు మూడు ప్రశ్నలు వేసికొనుడని నా సలహా. మొదటిది: నా పనిలో తప్పు జరిగినచో అది నాకు వెంటనే కనబడునా? రెండవది: కనబడినప్పుడు కొద్ది ఖర్చుతో దానిని మఱల దిద్దుకొనగలనా? మూడవది: పని చేయునప్పుడు గాని, చేసిన పిదప గాని ఎవరి ప్రాణమునకైనను ముప్పు కలదా? మొదటి రెంటికి ఔననియు, మూడవదానికి లేదనియు సమాధానము వచ్చినచో నిస్సంశయముగా మీరే చేసికొనుడు. ఒక్కటి తప్పినను పని తెలిసినవానిని పిలువుడు. కూలి యెంత మిగులునను ప్రశ్న ఈ మూడింటి తరువాత వేసికొనదగినదే కాని ముందు కాదు. కలుపు తీయుటలో తప్పు మఱునాడే కనబడును. బావికి ఒర కట్టుటలో తప్పు ఒర కూలిన నాడే కనబడును. ఈ భేదము పొలములో మీకందఱకును తెలిసినదే. ఇంటికప్పు దగ్గఱ మఱచుచున్నారు.

ఈ ప్రశ్నలు నాకు పుస్తకములో దొరకినవి కావు. నా తెలివితక్కువ నాకు నేర్పినవి. మాది మా నాయనగారు కట్టించిన కాంక్రీటు డాబా. ఒక వర్షకాలమున నడిమి గదిలో కప్పు అడుగున చెమ్మమరక కనబడెను. మఱుసటి యేడు అక్కడ గారపెచ్చు రాలెను. నేను ఒక బస్తా సిమెంటు తెచ్చి, మంచమెక్కి, ఆ చోట స్వయముగా గార పూసి, నున్నగా మెఱుగు పెట్టి, సున్నము వేసితిని. తాపీమేస్త్రి కూలి మిగిల్చితినని ఇంటివారితో గొప్పలు చెప్పుకొంటిని. రెండు వర్షకాలములు గడచెను. ఒకనాటి తెల్లవారుజామున చేటంత కాంక్రీటు పెళ్ళ ఊడి, మా తల్లిగారు పండుకొను మంచముపై పడెను. పాలు పితుకుటకు ఆమె అప్పుడే లేచి దొడ్డిలోనికి పోయియుండెను. ఆ మంచపు పట్టె విఱిగినది. ఆ విఱిగిన పట్టెను నేను పారవేయక దాచియుంచితిని.

అప్పుడు పిలిచిన మేస్త్రి మొదట ధర చెప్పలేదు. చిన్న సుత్తితో కప్పంతయు తట్టుచు పోయెను. గట్టిగా నున్నచోట కణకణ మ్రోగెను. నేను గార పూసిన చోటను, దాని చుట్టు నాలుగడుగుల మేరను డొల్ల మ్రోత వచ్చెను. తవ్వి చూడగా లోపలి ఇనుప చువ్వ త్రుప్పుపట్టి సగమునకు సన్నగిల్లియుండెను. ఇనుము త్రుప్పుగా మాఱునప్పుడు తానున్న దానికంటె ఎక్కువ చోటు కోరును. ఆ ఒత్తిడిచే క్రింది కాంక్రీటును తానే పెళ్ళగించును. నేను దానిపై గార పూయుట పుండు కడుగక కట్టు కట్టుట వంటిది. నీరు దిగుచున్నచోటు ఆ మరకకు పైన కూడ కాదు. ఆఱడుగుల యవతల, పిట్టగోడయు కప్పును కలియు మూలలో, నీటిగొట్టము చుట్టు పగులు కలదు. అక్కడ దిగిన నీరు చువ్వల వెంట ప్రాకి నడిమి గదికి వచ్చుచుండెను. మరక యున్నచోటనే రోగమున్నదని నమ్ముట నా మొదటి తప్పు. దానిని నా కంటికే కనబడకుండ కప్పివేయుట రెండవ తప్పు.

కావున కాంక్రీటు డాబా విషయమున నా అభిప్రాయమిది. క్రిందివైపున పెచ్చులూడుట, త్రుప్పుమరకలు దిగుట, చువ్వ వెంబడి పొడవైన పగులు తీయుట కనబడినచో మీ చేయి పెట్టకుడు. ఆ గదిలో పండుకొనుట మాని, పని తెలిసిన మేస్త్రికి చూపుడు. చువ్వలు మిక్కిలి తినివేయబడినచో ఇంజనీరుకు చూపుడు. మఱి మీరు చేయదగినవి? డాబాపై ఆకులు, మట్టి ఊడ్చుట. నీటిగొట్టముల నోళ్ళు తెఱచియుంచుట. పిట్టగోడ పగుళ్ళలో మొలచిన రావి మొక్కలను చిన్నవిగా నున్నపుడే వేరుతో తీయుట. వాన వెలిసిన గంటకు పైకి పోయి నీరెక్కడ నిలిచినదో చూచి సుద్దతో గుఱుతు పెట్టుట. ఈ గుఱుతులు మేస్త్రికి సగము పని తగ్గించును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది డాబాపై సున్నము వేయుట. ఇది ముమ్మాటికి మనము చేసికొనదగిన పనియే. తెల్లని పూత ఎండను తిరుగగొట్టును. నల్లబడిన కాంక్రీటు దానిని మ్రింగును. కప్పు తెలుపు చేయుటవలన క్రింది గదిలో వేడి 2 మొదలు 5 డిగ్రీల వఱకు తగ్గుట పలుచోట్ల కనబడినది. విత్తనమునకు ఆ 5 డిగ్రీల విలువ యెంతో పైన చెప్పియున్నాను. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకును, 600 చదరపు గజములును అంతకు మించినదియు నగు స్థలములోని క్రొత్త గృహములకును ఇట్టి కప్పును విధించినది. చిన్న యిండ్లను ఎవరును నిర్బంధింపరు. కాని వేడి చిన్న యింటినే ఎక్కువ బాధించును. కాబట్టి చట్టము కొఱకు కాక మన కొఱకే చేసికొనవలెను.

చేయు విధము సులభము. శివరాత్రి దాటిన పిదప, ఎండలు ముదురక మునుపే చేయవలెను. ఇనుప తొట్టిలోగాని మట్టి తొట్టిలోగాని నీరు పోసి, అందులో రాతిసున్నమునో గుల్లసున్నమునో కొంచెము కొంచెముగా వేసి, ఒక రాత్రి నాననీయవలెను. సున్నముపై ఒక్కమాఱుగా నీరు గుమ్మరింపరాదు. అది కుతకుత ఉడికి ముఖముపైకి చిమ్మును. మఱునాడు గుడ్డతో వడియగట్టి, గంజి గాని జిగురు గాని కలిపి, పలుచని మజ్జిగవలె చేయవలెను. కప్పును శుభ్రముగా ఊడ్చి, నీటితో తడిపి, సాయంకాలము మొదటి పూత వేయవలెను. రెండవ పూత మొదటిదానికి అడ్డముగా, మూడవది మఱల నిలువుగా వేసినచో ఎక్కడను సందు మిగులదు. ఒక్క చిక్కటి పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. చిక్కటిది పొరలుగా లేచిపోవును. కంటిలో సున్నము పడినచో కన్ను పోవచ్చును. పిల్లలను నానబెట్టు తొట్టి దగ్గఱకు రానీయరాదు. పడినచో నలుపక, మంచినీటితో చాల సేపు కడిగి వెంటనే వైద్యునికి చూపవలెను. వర్షములకు ఈ పూత కొంత కొట్టుకొనిపోవును. కావున ఏటేట వేయవలెను. తప్పు జరిగినచో కంటికి కనబడును, మఱొక పూతతో దిద్దుకొనవచ్చును. నేను చదివిన మిషను పాఠశాలలో వేసవి సెలవులకు ముందు పిల్లలచేత బడిగోడలకు సున్నము వేయించెడివారు. ఆ పని మా చేతులకు చేసిన మేలుకంటె, చేతిపని యందు మాకున్న సిగ్గును పోగొట్టి చేసిన మేలు పెద్దది.

ఇపుడు సిమెంటు రేకులు. వీనిని గూర్చి కొంత కఠినముగా వ్రాయవలసియున్నది. రేకుపై మనిషి నిలువరాదు. బోల్టుల వరుసవెంట దూలముపై అడుగు వేసిన ఏమియు కాదని చాలమంది నమ్ముదురు. పాతబడిన రేకు పైకి గట్టిగా కనబడుచునే ఉన్నట్లుండి గాజు పలకవలె విఱుగును. నాకు తెలిసిన ఒక రైతు గేదెల కొట్టముపై పడిన చింతకొమ్మను తీయుటకు రేకులపై నాలుగడుగులు వేసెను. ఐదవ యడుగు అతడు వేయలేదు. ఇప్పుడు నడుము క్రిందికి చైతన్యము లేక మంచమున నున్నాడు. ఆ కొమ్మను క్రిందనుండి కొక్కెపు గడతో లాగినచో పది నిమిషముల పని.

రెండవ ఆపద కంటికి కనబడనిది. మన సిమెంటు రేకులలో పెక్కింట ఆస్‌బెస్టాసు నార కలిసియున్నది. రేకును కోసినను, తొలిచినను, పగులగొట్టినను ఆ నార ధూళియై ఊపిరితో లోనికి పోవును. అన్ని రకముల ఆస్‌బెస్టాసును క్యాన్సరు కలిగించునవియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంగ్లండు 1999లోను, యూరపు సమాఖ్య 2005లోను దీనిని నిషేధించినవి. మన దేశములో ఇంకను రేకులు తయారగుచున్నవి. ధూళి పీల్చిన నాటికిని రోగము బయటపడు నాటికిని నడుమ ఇరువది, ముప్పది యేండ్లు గడచును. తప్పు వెంటనే కనబడునా యను మొదటి ప్రశ్నకు ఇంతకంటె చెడ్డ సమాధానము ఉండబోదు.

కావున రేకులను మార్చు పని మనది కాదు. అయినచో కూలివానిని ఎక్కింతుమా? నా ప్రాణమునకు వెఱచి, దినకూలికి వచ్చిన మఱియొకని ప్రాణమును రేకులపైకి పంపుట పరిష్కారము కాదు. అది మన లెక్కలో దిగక పోవచ్చును గాని, అతని యింటి లెక్కలో దిగును. మూడు దూలములపై ఆనునట్టి బలమైన బల్లలు పఱచి, నడుమునకు త్రాడు కట్టుకొని, తగిన ముసుగు ధరించి పనిచేయు అలవాటున్నవారినే పిలువవలెను. ఆ బల్లలు లేనిదే పని మొదలిడనీయరాదు. పాత రేకును నీటితో తడిపి, బోల్టులు విప్పి, నిలువునా దించవలెను. సుత్తితో పగులగొట్టరాదు, ఱంపముతో కోయరాదు. ముక్కలను పొడిగా ఊడ్వక తడిపి యేరి, లోతుగా గొయ్యి తీసి పూడ్చవలెను. బండ్లదారి గుంటలు పూడ్చుటకు వానిని వాడుట కొన్ని గ్రామములలో చూచితిని. చక్రముల క్రింద నలిగి ఆ ధూళి ఊరంతటికిని చేరును.

రేకుల గదిని చల్లపఱచుటకు మనము చేయదగినవి రెండు కలవు. మొదటిది, క్రిందనుండి చేయు పని. రేకులకు ముప్పాతిక అడుగో, అడుగో దిగువగా వెదురుతడికలు గాని తాటాకు చాపలు గాని వాసములకు కట్టి లోకప్పు అమర్చవలెను. నడుమనున్న గాలి వేడిని ఆపును. ఆ వేడిగాలి పోవుటకు రెండు కొసల సందులు విడువవలెను. వంటయింటిలోను, కరెంటు తీగలకు ఆనునట్లును ఇది కట్టరాదు. రెండవది, నిచ్చెనను గోడకు ఆనించి, రేకుపై కాలు మోపక, పొడవైన గొట్టమున్న పిచికారీ యంత్రముతో సున్నపునీరు కొట్టుట. సున్నమును రెండుమాఱులు గుడ్డలో వడియగట్టకున్నచో నాజిలు పూడుకొనును. యంత్రమును పనికి ముందును, వెనుకను మూడుమాఱులు కడుగవలెను. మీ నిచ్చెననుండి అందని చోటును విడిచిపెట్టుడు. సగము తెల్లబడిన కప్పు సగము మేలు చేయును.

రాయలసీమ సోదరుల మట్టిమిద్దెలను గూర్చి కొన్ని మాటలు. వానకు ముందు మిద్దెపై చౌడుమట్టి వేయుట అక్కడి ఆచారము. ఇది మంచి శాస్త్రము. చౌడులోని సోడియము బంకమట్టి రేణువులను విడదీయును. అవి తడిసినంతనే ఉబ్బి సందులన్నిటిని పూడ్చును. ఏ గుణముచే చౌడు పొలములో నీరింకనీయక పైరును చంపునో, ఆ గుణముచేతనే ఇంటిమీద నీరు దిగనీయక మనలను కాచును. పొలములో దానిని జిప్సముతో విఱుగగొట్టుదుము. కాబట్టి జిప్సము వేసిన చేని మట్టిని మిద్దెకు తేరాదు. గడ్డి పెఱుకుట, ఎలుకబొక్కలు పూడ్చుట, జలదారులు తెఱచుట, పలుచగా చౌడు చల్లుట మీరు చేసికొనదగినవే.

కాని ఒక లెక్క చూడుడు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల మిద్దెపై ఒక్క అంగుళము మందము మట్టి 10 ఘనపుటడుగులగును. దాని బరువు నాలుగు క్వింటాళ్ళకు మించును. నీరు త్రాగిన పిదప ఇంకను హెచ్చు. పాత మట్టి తీయక ఐదేండ్లు అంగుళము చొప్పున వేసినచో ఇరువది క్వింటాళ్ళు మీ తలపై చేర్చినవారగుదురు. దూలములు మాత్రము తాతగారి నాటివే. క్రిందినుండి దూలపు ఒక కొసనుండి రెండవ కొసకు దారము బిగించి చూడుడు. నడుమ దూలము దారమునకు దిగువగా వంగియున్నను, చెదలు తిన్న పొడి రాలుచున్నను, ఇక ఒక్క తట్ట మట్టియు వేయకుడు. వడ్రంగిని పిలిచి, బరువు దించి, దూలములు చూపుడు. వాన పట్టిన రాత్రులలో మిద్దెలు కూలుట తఱచుగా ఈ చేర్చిన బరువువలననే.

తాటాకు, గడ్డి కప్పులకు చూరు సరిచేయుట, చినిగిన చోట ఆకు దోపుట, లోపలినుండి బూజు దులుపుట మన పనులు. కొప్పు కట్టుటయు, నిట్టాడు మార్చుటయు నేర్పరి పనులు. కొప్పు సరిగా లేనిచో క్రింద ఎంత ఆకు వేసినను వ్యర్థము. పెంకుటింటిలో పగిలిన పెంకును లోపలినుండి నిచ్చెనపై నిలిచి జరపి మార్చుకొనవచ్చును. వాసములు క్రుంగి పెంకుల వరుసలు వంకరపోయినచో అది పెంకుల దోషము కాదు, కఱ్ఱ దోషము, వడ్రంగికి చూపవలెను.

పనివానిని పిలువుమన్నంత మాత్రమున కూలి పుచ్చుకొను ప్రతివాడును పనివాడని నా అభిప్రాయము కాదు. ధర చెప్పుటకు ముందు కప్పెక్కి చూచువానిని, సుత్తితో తట్టువానిని, నీరెటు పోవుచున్నదని అడుగువానిని నమ్ముడు. గుమ్మములో నిలిచి క్రిందనుండియే ధర చెప్పువానిని పంపివేయుడు. అతడు చేసిన పనులలో రెండు వర్షకాలములు చూచినదానిని ఒకదానిని చూపుమనుడు. క్రొత్తగా పూసిన గార అందఱిదియు నున్నగనే యుండును. మీ సొంతపనిచే చెడిన చోటును దాచక చూపుడు. నేను పూసిన గారను గూర్చి మేస్త్రికి చెప్పుటకు సిగ్గుపడి మొదటి పూట వృథా చేసితిని.

తుదకు మన సంఘమునకు ఒక మనవి. సంఘము విత్తనములకు, ఎరువులకు అప్పునకు కాని కప్పులకు కాదని కొందఱు పెద్దలు అనవచ్చును. విత్తనమునకు ఋణమిచ్చి, ఆ విత్తనము అటకపై చచ్చుటను చూచుచు ఊరకుండుట సహకారమనిపించుకొనదు. నేను కోరునవి పెద్దవి కావు. మాఘమాసములో సభ్యులందఱ కొఱకు సున్నమును ఒక్కచోట కొని పంచవలెను. మంచి నిచ్చెన యొకటి, రేకులపై పఱచు బల్లలు, త్రాడు సంఘపు గిడ్డంగిలో ఉంచి వంతులవారీగా ఇయ్యవలెను. ఒక మేస్త్రిని, ఒక వడ్రంగిని మృగశిర కార్తెకు ముందు వారము దినములు పిలిపించి, కోరిన వారి యిండ్లన్నియు వరుసగా చూపించి, ఆ కూలిని అందఱును పంచుకొనవలెను. ఒక్కరికి భారమైన ఆ కూలి పదిమందికి తేలిక. చువ్వలు చెడిన డాబాలకు చిన్న ఋణములు ఇచ్చు విషయమును వచ్చు సర్వసభ్య సమావేశమున ఆలోచింపవలెను. మఱియు సంఘపు గిడ్డంగి కప్పుననే మొదట సున్నము వేయవలెను. ప్రదర్శన క్షేత్రము లేనిదే రైతు నమ్మడని ఇరువది యేండ్లుగా నేను నేర్చుకొన్నాను. కప్పు విషయమునను అంతే.

ఆ అన్నదమ్ములలో తమ్ముడు ఈ వేసవికి రేకుల క్రింద తడికలు తానే కట్టుకొనెను. రేకులపైకి ఎక్కలేదు. విత్తనపు కాయలను అన్నగారి పాకలో ఉంచెను, తల్లిగారి మంచమును తడికల క్రిందికి మార్చెను. మొన్న మొలక పరీక్షకు నూఱు గింజలు తెచ్చియిచ్చెను. గోనెపట్టా ఎల్లుండి విప్పుదుము. తల్లిగారు మధ్యాహ్నము ముఖముపై తడిబట్ట వేసికొనుట మానిరని అతడే చెప్పెను.

మీ మీ యిండ్లలో కప్పుల నొకమాఱు చూచి, మూడు ప్రశ్నలును వేసికొని, పని పాలు పంచుకొందురని నమ్ముచున్నాను.